చదువు సందేహాలు: హేగ్ సముద్రతీరంలో మూడు వారాల అంతర్జాతీయ న్యాయం

దసరా దాటిందంటే విదేశీ వేసవి కోర్సుల దరఖాస్తుల కాలం మొదలైనట్టే. ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి లా విద్యార్థులు, తల్లిదండ్రులు, వకీళ్లు రాసిన ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సందేహం పలువురు అడిగిన చోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ నాలుగో ఏడాది చదువుతున్నాను. హేగ్‌లో వేసవి కోర్సు ఉంటుందని సీనియర్లు చెప్పారు. జిల్లా కాలేజీలో చదివేవాళ్లకు సీటు ఇస్తారా?
– విద్యార్థిని, నల్లగొండ

మీ సీనియర్లు చెప్పింది హేగ్ అంతర్జాతీయ న్యాయ అకాడమీ గురించి. నెదర్లాండ్స్‌లో ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న ఊరు హేగ్. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన 15 లక్షల డాలర్లతో కట్టిన పీస్ ప్యాలెస్ అక్కడ 1913లో తెరిచారు. అంతర్జాతీయ న్యాయస్థానం, శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం, పెద్ద న్యాయ గ్రంథాలయం, ఈ అకాడమీ అన్నీ ఆ ఆవరణలోనే ఉన్నాయి. అకాడమీ పుట్టింది 1923లో.

వేసవిలో రెండు విడతలు నడుస్తాయి. సాధారణంగా జులైలో మూడు వారాలు పబ్లిక్ ఇంటర్నేషనల్ లా, అంటే దేశాల మధ్య న్యాయం: ఒప్పందాలు, సముద్రం, యుద్ధం, కోర్టులు. ఆ వెంటనే మరో మూడు వారాలు ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా. పెళ్లి, ఆస్తి, వ్యాపారం సరిహద్దు దాటినప్పుడు ఏ కోర్టుకు పోవాలి, ఏ దేశం చట్టం వర్తిస్తుంది అన్నది ఇందులో చెబుతారు. పాఠాలు ఇంగ్లిష్‌లో గానీ ఫ్రెంచ్‌లో గానీ ఉంటాయి. ఫ్రెంచ్ రాకపోయినా చెవిలో పెట్టుకునే పరికరంలో ఇంగ్లిష్ అనువాదం అప్పటికప్పుడే వినిపిస్తుంది.

ప్రవేశ పరీక్ష లేదు. మీ ఫైలు చూసి తీసుకుంటారు: మార్కుల పత్రాలు, బయోడేటా, అధ్యాపకుల సిఫారసు, ఎందుకు రావాలనుకుంటున్నారో చెప్పే లేఖ. కాలేజీ పేరు చిన్నదని తిప్పికొడతారన్న భయం అక్కర్లేదు. అంతర్జాతీయ న్యాయం పేపరు ఇంకా చదవనివాళ్లు మాత్రం ఆగడం మంచిది. ఇది మొదటి పాఠం చెప్పే చోటు కాదు. నాలుగో ఏడాదికి మీకు ఆ పేపరు అయిపోయి ఉంటే అర్హతకు దగ్గరలోనే ఉన్నట్టు.

ఎక్కువ ఫైళ్లు దెబ్బతినేది లేఖ దగ్గరే. ‘చిన్నప్పటి నుంచి అంతర్జాతీయ న్యాయమంటే నాకు ప్రాణం’ అని రాస్తే ఆ వాక్యం అందరి లేఖల్లోనూ ఉంటుంది. ఒక పేజీ, అయిదు వందల మాటలు చాలు. అందులో మీకున్న ఒక ప్రశ్న ఉండాలి, ఇప్పటిదాకా దాని గురించి ఏం చదివారో ఉండాలి, ఆ ఏటి పాఠాల పట్టికలో దానికి దగ్గరగా ఉన్న పాఠం పేరు ఉండాలి. పాఠాల పట్టిక చూడకుండా రాసిన లేఖ మొదటి పేరాలోనే దొరికిపోతుంది. సిఫారసు కూడా అంతే. ‘మంచి విద్యార్థిని, క్రమశిక్షణ గలది’ అన్న రెండు వాక్యాలకు విలువ లేదు. మీరు రాసిన వ్యాసం గురించో, మూట్ కోర్టులో (విద్యార్థుల నమూనా కోర్టు) మీరు చేసిన వాదన గురించో సార్ నాలుగు ముక్కలు రాయాలంటే ఆ కాగితాలు మీరే ఆయన ముందు పెట్టాలి. దరఖాస్తులు చలికాలంలో తెరిచి జనవరి చివరికల్లా ముగించడం రివాజు. ఆ ఏటి కచ్చితమైన తేదీ అకాడమీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. సంక్రాంతి సెలవుల్లో కాలేజీలో సంతకం పెట్టేవాళ్లు దొరకరు కాబట్టి సిఫారసు డిసెంబరులోనే తీసుకోండి.

ఉపకార వేతనం కావాలంటే ఆ విషయం దరఖాస్తులోనే అడగాలి. సీటొచ్చాక అడుగుదామనుకుంటే ఆలస్యమైపోతుంది.

ప్రశ్న: అక్కడ చదివితే డిప్లొమా వస్తుందా? ఉద్యోగానికి పనికొస్తుందా?
– సూర్యాపేట పాఠకుడు

హాజరు సరిగా ఉంటే హాజరు పత్రం ఇస్తారు. అకాడమీ డిప్లొమా వేరు. దానికి ప్రత్యేకంగా ఎంపికై, కఠినమైన పరీక్ష నెగ్గాలి. అది చాలా కొద్దిమందికే దక్కుతుంది. హాజరు పత్రం తెచ్చుకుని బయోడేటాలో ‘హేగ్ డిప్లొమా’ అని రాసుకుంటే తెలిసినవాళ్లు ఇంటర్వ్యూలో పట్టేస్తారు. ఆ పత్రం ఒక్కటే చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు.

ప్రశ్న: సీటు వస్తే మధ్యలో నాలుగైదు నెలలుంటాయి. ఏం చదివి పోవాలి? నాది ఇంటర్ దాకా తెలుగు మీడియం. అక్కడి ఇంగ్లిష్ అర్థమవుతుందో లేదోనని భయం.
– విద్యార్థి, వనపర్తి

మూడు వారాలు వినడానికే సరిపోతాయి, అక్కడ కూర్చుని మొదటినుంచి నేర్చుకోవడానికి సమయముండదు. కాబట్టి అసలు చదువంతా వనపర్తిలోనే జరగాలి. పన్నెండు వారాలు పెట్టుకోండి.

మొదట ఐక్యరాజ్యసమితి చార్టర్, 111 అధికరణలు. దాని వెనకే అంతర్జాతీయ న్యాయస్థానం శాసనం, 70 అధికరణలు. ఇందులో 38వ అధికరణ కంఠతా రావాలి. న్యాయం ఎక్కడి నుంచి పుడుతుంది అన్నదానికి ఒప్పందాలు, ఆచారం, సాధారణ సూత్రాలు అని జవాబు చెప్పేది అదే. తర్వాత 1969 వియన్నా ఒప్పందాల ఒడంబడిక, 85 అధికరణలు. భారతదేశం ఇందులో చేరలేదు. అయినా 31, 32 అధికరణల్లోని వ్యాఖ్యాన సూత్రాలు ఆచార న్యాయంగా మనకూ వర్తిస్తాయి. ‘చేరని ఒప్పందం ఎలా వర్తిస్తుంది’ అన్న ఈ ముడి విప్పగలిగితే సగం పబ్లిక్ ఇంటర్నేషనల్ లా చేతికొచ్చినట్టే. ఆ తర్వాత దేశాల బాధ్యతపై ఐక్యరాజ్యసమితి ఇంటర్నేషనల్ లా కమిషన్ 2001లో సిద్ధం చేసిన 59 అధికరణలు. గైడ్లు పక్కన పెట్టి అసలు పాఠమే చదవండి. ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఉచితం.

ఆరేడు వారాలు అయ్యాక తీర్పులకు రండి. మూడు చాలు: 1986 నికరాగ్వా, 1997లో డాన్యూబ్ నది మీద హంగరీ–స్లొవేకియా, 2019 జాదవ్. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే చాలామంది నలభయ్యో పేజీలో వదిలేస్తారు. తీర్పు చివర ఓట్ల లెక్కతో సహా ఇచ్చే ఆదేశాల పేరా ముందు చదివి, అక్కడికి ఎలా చేరారో వెనక్కి వెతకండి. పాకిస్థాన్‌లో మరణశిక్ష పడ్డ కులభూషణ్ జాదవ్ కేసు మనవాళ్లకు సులువుగా ఎక్కుతుంది. విదేశీయుణ్ని అరెస్టు చేసినప్పుడు అతని హక్కుల సంగతి ఆలస్యం లేకుండా అతనికి చెప్పాలి, అతని దేశపు కాన్సులేటుకు కలిసే అవకాశమివ్వాలి అన్న 1963 వియన్నా కాన్సులర్ ఒడంబడిక 36వ అధికరణ మీదే అదంతా నడుస్తుంది.

ఇంగ్లిష్ సంగతి. మీకు ఇబ్బంది పెట్టేది వ్యాకరణం కాదు, యాస. ఇటలీ ప్రొఫెసర్ ఇంగ్లిష్ ఒకలా, జపాన్ ప్రొఫెసర్ ఇంగ్లిష్ ఇంకోలా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ దృశ్య శ్రవణ గ్రంథాలయంలో వందల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రోజుకొకటి, వేగం పెంచకుండా, కింద అక్షరాలు రాకుండా వినండి. విన్నాక అయిదు వాక్యాల్లో సారం ఇంగ్లిష్‌లో రాయండి. రెండు వారాలకు మూడు వాక్యాలు కూడా రాయలేకపోతే పదజాలం చాలడం లేదని అర్థం. అప్పుడు తిరిగి చార్టర్ దగ్గరికే పోవాలి.

ప్రశ్న: మా బిడ్డకు సీటొచ్చింది. మేము వ్యవసాయం చేసుకునేవాళ్లం, ఐటీ రిటర్న్‌లు లేవు. వీసా ఇస్తరా? ఖర్చుకు ప్రభుత్వం ఏమన్నా సాయం చేస్తదా?
– రైతు, దేవరకొండ

ముందు సాయం సంగతి. అంబేద్కర్, మహాత్మా జ్యోతిబా ఫూలే పేర్లతో ఉన్న విదేశీ విద్యానిధి పథకాలు విదేశాల్లో పూర్తికాలం పీజీ, పీహెచ్‌డీ చదివేవాళ్లకే. మూడు వారాల కోర్సు వాటి కిందికి రాదు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే నమ్మకండి.

వీసా విషయంలో ఐటీ రిటర్న్ లేకపోవడం తప్పు కాదు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కాని ఆ మాట మీరు కాగితం మీద చెప్పాలి, వీసా అధికారి తనంతట తాను ఊహించుకోడు. పట్టాదారు పాసు పుస్తకం నకలు, ఆదాయ ధ్రువపత్రం, పంట అమ్మిన రసీదులు పెట్టి, వాటి సారం ఇంగ్లిష్‌లో ఒక పేజీలో రాయండి. తెలుగు కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం జత చేయండి.

తిరస్కరణలు ఎక్కువగా వచ్చేది బ్యాంకు ఖాతా వల్ల. ఏడాదంతా పదివేలు కూడా లేని ఖాతాలో దరఖాస్తుకు వారం ముందు నాలుగు లక్షలు పడితే, అప్పు తెచ్చి చూపిస్తున్నారని అనుకుంటారు. రైతుల ఖాతాలో డబ్బు అట్లే పడుతుంది, యాసంగి వడ్ల పైసలు ఒక్కసారే వస్తాయి. కాబట్టి ఐకేపీ కేంద్రం రసీదో, మార్కెట్ యార్డు తక్‌పట్టీయో ఆ మొత్తం పక్కన పెట్టి, తేదీలు కలిసేలా చూపించండి. చేబదులు తెచ్చి ఖాతా నింపే పని మాత్రం వద్దు.

మిగతా లెక్కలు ఇవి. మూడు వారాలకైనా, రెండు విడతలూ కలిపి ఆరు వారాలకైనా షెంజెన్ (యూరప్‌లోని పలు దేశాలకు కలిపి ఒకటే) స్వల్పకాల వీసా చాలు, 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఆఖరి గడువు 15 రోజుల ముందు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అనుమానమొస్తే 45 రోజులు పట్టొచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్లే దొరకవు కాబట్టి ప్రవేశ పత్రం చేతికి రాగానే, ఏప్రిల్‌లోనే తేదీ పట్టుకోండి. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు, వీసా కేంద్రం సేవా రుసుము వేరే. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు, ఉండే రోజులన్నిటికీ ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చిందై ఉండాలి, తిరిగొచ్చాక కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. పాస్‌పోర్టే లేకపోతే నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో తీసుకోవచ్చు. 36 పేజీలదానికి మామూలు రుసుము 1,500 రూపాయలు.

వసతి బుకింగ్ మొత్తం రోజులకూ చూపాలి. రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి, వీసా రాకపోతే ఆ డబ్బయినా మిగులుతుంది. జులైలో హేగ్‌లో అద్దెలు మండుతాయి. పక్కనే ఉన్న డెల్ఫ్ట్, లైడెన్ కూడా చూడండి, రెండింటికీ రైలు పావుగంటే. ‘ముందు అడ్వాన్సు పంపండి, తాళం చెవి పోస్టులో వస్తుంది’ అంటే అది మోసమే.

ప్రశ్న: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇబ్బందవుతుందా?
– నారాయణపేట, మరో ఇద్దరు పాఠకులు

మన దగ్గర ప్రతి రెండో ఇంట్లో ఉన్న చిక్కే. విదేశీ దరఖాస్తులో అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, స్పేస్‌తో సహా. మెమోలోని పేరు, పాస్‌పోర్టులోని పేరు ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి, ఇంగ్లిష్‌లోనే ఉండేలా చూసుకుని, మార్కుల పత్రాల వెనకే పెట్టండి. ప్రవేశ పత్రం మీద పేరు తప్పు పడితే వచ్చిన రోజే మెయిల్ రాసి సరిచేయించండి. వీసా కేంద్రం కిటికీ దగ్గరికి పోయాక ఎవరూ దిద్దరు.

ప్రశ్న: మా జూరాల, ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) నీళ్ల తగువు మూడు రాష్ట్రాలది. ఇది అంతర్జాతీయ న్యాయం కిందికి వస్తుందా? మా మనవడు ఆ విషయం మీద లేఖ రాస్తానంటున్నాడు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గద్వాల

రాష్ట్రాల మధ్య తగువు అంతర్జాతీయ న్యాయం కాదు. రాజ్యాంగం 262వ అధికరణ, 1956 అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టం కిందే తేలాలి. కృష్ణా నదికి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ నూటికి 75 ఏళ్లు నమ్మకంగా వచ్చే ప్రవాహం 2,060 టీఎంసీలని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. ఆ వాటాను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య తేల్చే పని ఇప్పుడు రెండో ట్రిబ్యునల్ ముందుంది.

అయితే మీ మనవడి ఆలోచన మంచిదే. పంపకానికి ఆధారమైన సూత్రం, అంటే ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లకు న్యాయమైన వాటా అన్నది, అక్కడా ఇక్కడా ఒకటే. అమెరికా సుప్రీంకోర్టు 1907లో కాన్సాస్, కొలరాడో రాష్ట్రాల తగువులో దాన్ని వాడింది. 1966 హెల్సింకి నియమాలు, 1997 ఐక్యరాజ్యసమితి జలమార్గాల ఒడంబడిక దాన్ని దేశాల మధ్యకు తెచ్చాయి. ఆ ఒడంబడిక 2014లో అమల్లోకి వచ్చింది, భారత్ అందులో లేదు. భారత్, పాకిస్థాన్‌ల 1960 సింధు జలాల ఒప్పందం కింద కిషన్‌గంగ జలవిద్యుత్ ప్రాజెక్టు కేసును హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానమే విన్నది. భారత్ ప్రాజెక్టు కట్టుకోవచ్చు, కాని కిందికి సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్ల నీళ్లు వదలాలని 2013లో తేల్చింది. లేఖలో ‘కృష్ణా జలాల మీద హేగ్‌లో కేసు వేయాలి’ అని రాస్తే నవ్వుతారు. ‘పై రాష్ట్రం కనీసం ఎంత వదలాలి అన్నదానికి కిషన్‌గంగ తీర్పు పద్ధతి అంతర్రాష్ట్ర నదికి ఎంతవరకు పనికొస్తుంది’ అని రాస్తే ఆగి చదువుతారు. అందులో అడగదగ్గ మరో ప్రశ్న కూడా ఉంది: ఆ 9 ఘనపు మీటర్లు చేపలు, వాగు బతకడానికి లెక్కగట్టినవి. ఆర్డీఎస్ చివరి ఆయకట్టు రైతుకు అదే కొలత సరిపోతుందా?

ప్రశ్న: నేను పదిహేనేళ్లుగా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. నాకు ఈ కోర్సు వల్ల లాభముందా?
– న్యాయవాది, నాగర్‌కర్నూల్

పబ్లిక్ విడత వల్ల మీ ప్రాక్టీసుకు పెద్దగా లాభం లేదు. ప్రైవేట్ విడత వల్ల ఉంది. పాలమూరు నుంచి గల్ఫ్‌కు, అమెరికాకు పోయినవాళ్లున్న ప్రతి ఊళ్లో ఈ తగాదాలు మొలుస్తున్నాయి. తిరుపతిలో పెళ్లయిన జంటకు మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లో వై.నరసింహారావు కేసులో చెప్పింది మీకు తెలిసే ఉంటుంది. విదేశీ తీర్పు ఎప్పుడు చెల్లదో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షనే దానికి ఆధారం.

చాలామంది గమనించనిది అదే కోడ్‌లోని 44ఏ సెక్షన్ సంగతి. 2020 జనవరిలో కేంద్రం యూఏఈని పరస్పర గుర్తింపు దేశంగా ప్రకటించింది. అంటే దుబాయ్ కోర్టు డబ్బు డిక్రీ పట్టుకొచ్చి, కొత్త దావా వేయకుండానే, నేరుగా మీ జిల్లా కోర్టులో అమలు పిటిషన్ వేయొచ్చు. దుబాయ్ బ్యాంకు అప్పు ఎగ్గొట్టి ఇంటికొచ్చినవాళ్లకు ఇది కొత్త తలనొప్పి. అయినా 13వ సెక్షన్ కింద అభ్యంతరాలు అప్పుడు కూడా లేవనెత్తొచ్చు. సరిగా నోటీసు అందిందా, కేసు మంచిచెడ్డలు విని తీర్పిచ్చారా అన్నవి ముందు చూడండి.

నోటీసుల విషయంలో ఇంకో మెలిక ఉంది. 1965 హేగ్ సర్వీస్ ఒడంబడికలో మనం ఉన్నాం గాని, పోస్టులో నేరుగా పంపే పద్ధతికి మన దేశం అభ్యంతరం పెట్టింది. విదేశీ కోర్టు నోటీసు కేంద్ర న్యాయ శాఖ ద్వారా రావాలి. పోస్టులో వచ్చిన అమెరికా సమన్లు చూసి కంగారుపడే క్లయింటుకు ముందు చెప్పాల్సింది అదే. సమన్లు పారేయమని మాత్రం చెప్పకండి. అక్కడి కోర్టు ఏకపక్షంగా తీర్పిస్తే, అతను మళ్లీ అమెరికా వెళ్లాల్సి వచ్చినప్పుడు చిక్కు అక్కడ ఎదురవుతుంది. ఇక పిల్లల్ని తీసుకొచ్చేసిన కేసుల్లో 1980 హేగ్ ఒడంబడికను ఉదహరించడం వృథా, మనం అందులో చేరలేదు. బిడ్డ మేలే ప్రధానమన్న 2017 నిత్యా ఆనంద్ రాఘవన్ తీర్పు నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: బీచ్ పక్కన పది రోజుల ‘అంతర్జాతీయ న్యాయ సమ్మర్ స్కూల్’ అని ఫోన్లో ప్రకటన వచ్చింది. రెండు రోజుల్లో ఫీజు కడితే సగానికి తగ్గిస్తారట.
– విద్యార్థి, జడ్చర్ల

రెండు రోజుల గడువే అనుమానించాల్సిన సంగతి. మూడు విషయాలు అడగండి. పాఠం చెప్పేదెవరు, వాళ్ల పేర్లు సొంత విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉన్నాయా? మొత్తం పాఠం ఎన్ని గంటలు? యూరప్ లెక్కలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. పది రోజుల్లో పది క్రెడిట్లు ఇస్తామంటే రోజుకు పాతిక గంటలు చదవాలి. వీసా రాకపోతే ఫీజు తిరిగిస్తారా, ఆ మాట రాసిస్తారా? డబ్బు వ్యక్తిగత ఖాతాకు పంపమంటే ఇంకేం అడగకుండా వదిలేయండి.

ప్రశ్న: అంత ఖర్చు పెట్టలేను. వేరే దారి?
– విద్యార్థిని, మిర్యాలగూడ

పైన చెప్పిన ఐక్యరాజ్యసమితి పాఠాలు, న్యాయస్థానం తీర్పులు పూర్తిగా ఉచితం. 1959లో ఢిల్లీలో పెట్టిన భారతీయ అంతర్జాతీయ న్యాయ సంఘం కోర్సులు నడుపుతుంది, వాటి ఖర్చు మన చేతికందేదే. సముద్ర న్యాయం మీదే ఇష్టముంటే గ్రీస్‌లోని రోడ్స్ దీవిలో మూడు వారాల అకాడమీ, హాంబర్గ్‌లో సముద్ర న్యాయ ట్రిబ్యునల్ ఆవరణలో నాలుగు వారాల వేసవి అకాడమీ ఉన్నాయి. వీటికి మాత్రం డిగ్రీ అయ్యాక, కొంత పని అనుభవంతో పోతేనే ఎక్కువ ప్రయోజనం. ఆ ట్రిబ్యునల్‌కు 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడిగా ఉన్న పి.చంద్రశేఖరరావు తెలుగువాడే.

ప్రశ్న: బట్టలు, తిండి, తిరగడం ఎట్లా?
– కల్వకుర్తి పాఠకురాలు

జులైలో అక్కడ పగలు 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది, సముద్రపు గాలి తోడైతే మనకు చలే. గొడుగు ఆ గాలికి నిలవదు, టోపీ ఉన్న వాన జాకెట్ కొనుక్కోండి. పాఠాలకు కోటు అక్కర్లేదు, శుభ్రమైన మామూలు బట్టలు చాలు. బియ్యం, పప్పు అక్కడి భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. వంటగది ఉన్న గది తీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ట్రాముల్లో బ్యాంకు కార్డు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. దిగేటప్పుడు మరిచిపోతే ఎక్కువ కోస్తారు. ఒకటో నంబరు ట్రాము ఒక వైపు స్కెవెనింగెన్ బీచ్‌కు, మరో వైపు అంతర్జాతీయ న్యాయ పితామహుడనిపించుకున్న గ్రోషియస్ సమాధి ఉన్న డెల్ఫ్ట్‌కు పోతుంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు విచారణ చూడాలనుకుంటే ముందే వాళ్ల క్యాలెండర్ చూసుకోండి, జులై మధ్య నుంచి మూడు వారాలు ఆ కోర్టుకు సెలవులు. గ్రంథాలయానికి మాత్రం మొదటి రోజు నుంచే పోండి, హైదరాబాద్‌లో దొరకని పుస్తకాల జాబితా ఇంటి దగ్గరే రాసుకుని.